మా చెల్లికి పాథాలజీ సీటు వచ్చింది, ఇంట్లో అందరూ మొహాలు మాడ్చుకున్నారు... చేర్పించాల్నా వద్దా?

అంగడోళ్ళ పెద్దోడు, కర్నూలు

అందరికీ నమస్తే. కొంచెం పొడుగ్గా రాస్తాన్నా, ఓపిక చేసుకోని చదవండి. మాది కర్నూలు, వన్ టౌన్ దిక్కు కిరాణా అంగడి, నాయనా నేనూ చూసుకుంటాం. మా చెల్లి ఎంబీబీఎస్ అయినాక రెండేండ్లు ఇంట్లోనే కూసోని నీట్ పీజీకి చదివింది, పండగ లేదు పబ్బం లేదు. ఈసారి కౌన్సెలింగ్‌లో గవర్నమెంట్ కాలేజీలో ఎండీ పాథాలజీ వచ్చింది. దానికి సంతోషమే, ఆప్షన్లలో అదే పైన పెట్టుకుందంట గూడా. ఇంట్లో మాత్రం ఎవురో పోయినట్టు ఉంది.

మా నాయన మాట ఏందంటే "ఐదున్నరేండ్లు డాక్టరు చదివిచ్చి, మళ్ళా రెండేండ్లు కూసోబెట్టి, ఇప్పుడు రక్తం ఉచ్చ టెస్టులు చేసేదానికా పంపేది" అని. మా మేనత్త ఇంకా ముందుకు పోయి "శవాలు కోసే చదువంట గదా, ఆడపిల్లకు ఏం కర్మ" అనింది. నంద్యాల సంబంధం ఒకటి మాటల్లో ఉండె, వాళ్ళు ఫోన్ చేసి "పాప పేషెంట్లను చూసే డాక్టరు కాదంట గదా" అని అడిగినారు, అడిగి రెండు వారాలయింది మళ్ళా ఫోన్ లేదు.

నేను బీకాం, నాకేం తెల్దు. చెల్లిని అడిగితే "నీకు చెప్పినా అర్థం కాదులేన్నా" అని తలుపేసుకుంటాది. అందుకే ఈడ అడుగుతున్నా. అసలు పాథాలజిస్టు పొద్దున్నించి సాయంత్రం దాకా చేసేది ఏంది, సందుకొక ల్యాబు ఉంది గదా ఆడ కూసునే పిల్లోని పనికీ దీనికీ తేడా ఏంది, శవాల మాట నిజమేనా, సంపాదన ఎట్లుంటాది, సీటు వదిలేసి ఇంకో ఏడాది రేడియాలజీకో జనరల్ మెడిసిన్‌కో రాయమని నాయన పట్టు పడుతున్నాడు, అది చేసే పనేనా? చేరేదానికి ఇంకా ఆరు రోజులే టైముంది.

స్లైడ్ అక్క, అనంతపురం

నేను పాథాలజిస్టునే తమ్ముడూ, పదమూడేండ్లాయె. ముందు మీ మేనత్తకు జవాబు. పోలీసు కేసుల్లో శవపరీక్ష చేసేది ఫోరెన్సిక్ మెడిసిన్ వాళ్ళు, అది వేరే డిపార్ట్‌మెంటు, వేరే పీజీ. ఆ పోస్ట్‌మార్టంలో గుండెదో కాలేయందో ముక్క మైక్రోస్కోపు కింద చూడాల్సి వస్తే సీసాలో మా దగ్గరికి పంపుతారు, అంతే. మిగతా మాకు వచ్చేవి దాదాపు అన్నీ బతికుండే మనుషులవే, బయట బెంచీ మీద వాళ్ళ చుట్టాలు టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకోని కూసోని ఉంటారు.

ఇంక పని. సర్జన్ గడ్డ తీస్తాడు, ఎండోస్కోపీ డాక్టరు కడుపులోంచి బియ్యపు గింజంత ముక్క గిల్లుతాడు, గుట్కా నమిలే మనిషి బుగ్గలోంచి ఈఎన్‌టీ వాళ్ళు కొంచెం కోసి పంపుతారు. అన్నీ ఫార్మలిన్ సీసాల్లో మా టేబుల్ మీదికి వస్తాయి. ముందు కంటితో చూసి, చేత్తో తడిమి, స్కేలుతో కొలిచి కోస్తాం, దాన్ని గ్రాసింగ్ అంటాం. ఇది పుస్తకం చదివితే వచ్చేది కాదు, రొమ్ము మొత్తం తీసి పంపినారనుకో, దాంట్లో ఏయే చోట్ల ముక్క తీయాల, చంకలో బిళ్ళలు ఎన్ని దొరికినాయి, సర్జన్ కోసిన అంచుకు గడ్డ ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఆగిపోయింది, ఇదంతా ఆ టేబుల్ దగ్గరే తేలాల, ఆడ తప్పు చోట కోస్తే తర్వాత ఎంత మంచి మైక్రోస్కోపు ఉన్నా దండగ.

ఆ ముక్కలు రాత్రంతా మెషిన్‌లో ఉండి నీళ్ళు పోయి మైనం ఎక్కుతాయి. పొద్దున్నే మైనం దిమ్మలు పోస్తాం, వాటిని బ్లాకులు అంటాం. మా టెక్నీషియన్ దాన్ని మైక్రోటోమ్ మీద మూడు నాలుగు మైక్రాన్ల మందాన కోస్తాడు, తల వెంట్రుకను నిలువునా పదిహేను ఇరవై పొరలు చీలిస్తే ఒక పొర ఎంతో అంత. గోరువెచ్చని నీళ్ళ మీద తేలేసి గాజుపలక మీదికి ఎత్తుతాడు, ఫ్యాను గాలి తగిలినా ముడత పడుతుంది, మే నెలలో అనంతపురంలో ఫ్యాను ఆపేసి ఆ పని చేసే మనిషికి దండం పెట్టాల. తర్వాత రెండు రంగులు, హెమటాక్సిలిన్, ఇయోసిన్. కణం నడిమి గింజ నీలం, చుట్టూ గులాబీ. ఆ హెమటాక్సిలిన్ అనేది మెక్సికో దిక్కు పెరిగే ఒక చెట్టు చేవలోంచి తీసేది, నూటయాభై ఏండ్లు దాటినా దాన్ని మించింది ఇంకా రాలేదు.

అప్పుడు నేను కూసోని చూస్తాను. దాని పేరు ఏందో రాయాల. క్యాన్సరా కాదా అనే ఒక్క మాట కాదు, ఏ జాతిది, ఎంత ఉడుకు మీద ఉంది, నరం పక్కకు పాకిందా, అంచులో మిగిలిందా. నేను రాసే ఆ నాలుగు లైన్ల మీదనే కీమో పెట్టాల్నా, కరెంటు పెట్టాల్నా, ఊరికే చూస్తూ ఉంటే చాలునా అనేది నడుస్తుంది. కొన్నిసార్లు పేషెంటు బల్ల మీద ఉండగానే ముక్క పంపుతారు, దాన్ని చల్లదనంతో మంచులా గట్టిపరిచి కోసి ఇరవై నిమిషాల్లో ఫోన్‌లో చెప్పాల, ఆ పక్క సర్జన్ గ్లవ్స్‌తో చేతులు కట్టుకోని నిలబడి ఉంటాడు. దాన్ని ఫ్రోజెన్ సెక్షన్ అంటారు. నాకు ఇప్పటికీ ఆ ఫోన్ చేసేటప్పుడు నోరు ఎండిపోతుంది.

ల్యాబులో పిల్లోని సంగతి. షుగరు, క్రియాటినిన్ మెషిన్ చేస్తుంది, నిజమే. మెషిన్ లెక్క చెబుతుంది, రక్తంలో తెల్లకణాలు ఇన్ని అంటుంది, అవి ఏ రకంవో అనుమానం వస్తే మనిషి చూడాల్సిందే. పోయిన డెంగ్యూ సీజన్‌లో ఆరేండ్ల పాపది రక్తం వచ్చింది, జ్వరం, ప్లేట్‌లెట్లు ముప్పై వేలు. వార్డు నిండా డెంగ్యూనే, ఇదీ అదేనని అందరూ అనుకున్నారు, తప్పేం లేదు. రాత్రి తొమ్మిదికి ఇంటికి పోబోతూ ఊరికే స్మియర్ చూసినా, అంటే గాజుపలక మీద పలచగా పూసిన రక్తం చుక్క. డెంగ్యూ కాదు, బ్లాస్టులు. బ్లడ్ క్యాన్సర్. పొద్దున్నే బెంగళూరు పంపించినారు. ఆ పాప నన్ను ఎప్పుడూ చూడలేదు, చూడదు గూడా. నీ చెల్లెలు ఆప్షన్లలో పైన పెట్టుకుందంటే ఇవన్నీ తెలిసే పెట్టుకోని ఉంటుంది.

సంపాదన రేడియాలజీ అంత రాదు, మొదట్లో అయితే అసలు రాదు, అది దాచే పని లేదు. ఇంకోటి, "ఆడపిల్లకు మంచి బ్రాంచి, నైట్ డ్యూటీలు ఉండవు, ఇల్లు చూసుకోవచ్చు" అని ఎవరో ఒకరు ఈడ రాస్తారు చూడు, నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది. నేను ఇల్లు చూసుకునేదానికి ఈ చదువు చదవలేదు.

మగ్గం మనిషి, ధర్మవరం

అక్కా మీరు రాసింది రెండుసార్లు చదివినా. నేను చీరలు నేసేవాణ్ణి, డాక్టర్ల సంగతి తెలీదు గాని మా అమ్మ సంగతి చెప్తా, ఆ అంగడాయనకు పనికొస్తాదేమో.

2016లో మా అమ్మకు రొమ్ములో నిమ్మకాయంత గడ్డ. ఒక నర్సింగ్ హోంలో అరగంటలో తీసేసినారు, కొవ్వు గడ్డ ఏం పర్లేదు ఇంటికి పొండి అన్నారు. మేము సంతోషంగా వచ్చేసినాం. తీసిన గడ్డను పరీక్షకు పంపినారా అని అడగాలనే తెలివి మాకు లేదు, వాళ్ళు పంపలేదు, అది చెత్తలో పోయిందో యాడ పోయిందో దేవునికే ఎరుక. ఏడాదిన్నరకు అదే చోట మళ్ళా లేచింది, ఈసారి చంకలో గూడా. అనంతపురంలో వేరే సర్జన్ దగ్గరికి పోతే ఆయన మొదటి మాటే "పాత రిపోర్టు ఏది" అని. యాడుంది సామీ రిపోర్టు.

అప్పుడు సూది పరీక్ష, ఆమీట లావు సూదితో ఇంకో ముక్క. రిపోర్టులో క్యాన్సర్ అని వచ్చింది, దానికి మళ్ళా ఇంకేవో రంగుల టెస్టులు చేయాలన్నారు, ఈఆర్ పీఆర్ హర్2 అని. డబ్బులు గుంజేదానికి అనుకున్నా, నిజం చెప్తున్నా, ఆ రోజు కౌంటర్ దగ్గర అరిచినా గూడా. తర్వాత తెలిసింది, మొదటి రెండు, అంటే గడ్డ హార్మోన్లతో పెరిగే రకమా అని చూసేవి, పాజిటివ్ వచ్చినందుకే మా అమ్మకు ఆపరేషన్, కీమో అయినాక రోజుకొక మాత్ర ఐదేండ్లు ఇచ్చినారు, మొన్నటితో అయిపోయింది, ఇప్పుడు మళ్ళా కండె చుడుతూ కూసుంటాంది. ఆ టెస్టు లేకుంటే ఆ మాత్ర పని చేస్తుందా లేదా అనేది చీకట్లో రాయి వేసినట్టే అని చెప్పినారు.

ఇంకోటి చెప్పాల. బెంగళూరులో చూపించుకుందాం అని పోతుంటే ల్యాబులో ఆ పాథాలజిస్టు మేడం పిలిచి, మళ్ళా గుచ్చిపించుకోవద్దు, స్లైడులూ బ్లాకులూ ఇస్తాం సంతకం పెట్టి తీసుకుపొండి, ఆడ వాళ్ళు మళ్ళా చూసుకుంటారు అనింది. అవి మన సొత్తే, అడిగితే ఇస్తారు అని ఆ రోజే తెలిసింది. "మైనం ఇది, ఎండలో బండి డిక్కీలో పెట్టొద్దు" అని గూడా చెప్పింది. పట్టు కండెలు పెట్టే డబ్బాలో తడి గుడ్డ చుట్టి ఒళ్ళో పెట్టుకోని పోయినా రైల్లో. ఒక్క ఇంచు కూడా లేని దిమ్మలు, మా అమ్మ ప్రాణం దాంట్లో ఉన్నట్టు ఉండె.

మీ చెల్లి ఆ మేడం లాంటిది అవుతుందంటే ఇంకేం ఆలోచిస్తారు.

స్లైడ్ అక్క, అనంతపురం

తడి గుడ్డ చుట్టడం ఎవరు చెప్పినారన్నా, భలే పని చేసినావు 🙂 

అందరికీ ఒక మాట, ఒంట్లోంచి తీసింది ఏదైనా సరే, గోరంత అయినా, పరీక్షకు పోయిందా అని అడగండి. ఉప్పునీళ్ళ సీసాలో వేసి చేతికి ఇచ్చి "ల్యాబులో ఇచ్చి రాపో" అంటే ఒప్పుకోవద్దు. ఫార్మలిన్‌లో వేయాల, ముక్కకు పదింతలన్నా ఉండాల, తీసిన వెంటనే వేయాల. సాయంత్రం దాకా సెలైన్‌లో నానిన ముక్క మా దగ్గరికి వచ్చేసరికి చెడిపోయి ఉంటుంది, అప్పుడు "నిర్ధారించలేము" అని రాస్తే మమ్మల్ని తిడతారు.

ల్యాబు బాబు, కడప

అందరూ పొగిడేది అయిపోయిందా? నేను డీఎంఎల్‌టీ, అదే ల్యాబు టెక్నీషియన్ డిప్లొమా, చేసి పదేండ్లుగా ల్యాబుల్లో పనిచేస్తున్నా, ఇంకో పక్క నేను చెప్తా. రిపోర్టు కింద పాథాలజిస్టు సంతకం ఉంటాది కదా, ఆ మనిషి ఆ ల్యాబుకు ఎన్నిసార్లు వచ్చినాడో అడగండి. సంతకం స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టి ఉంటారు, ప్రింటు కొడితే దానంతట అదే పడుతుంది, నెలకింత అని డబ్బులు పోతాయి. ఒకే సంతకం ఒకే రోజు మూడు ఊర్ల ల్యాబుల్లో చూసినా నేను. 2017 డిసెంబర్లో సుప్రీం కోర్టు గూడా చెప్పింది, పాథాలజీ పీజీ చేసిన డాక్టరే ల్యాబు రిపోర్టు మీద సంతకం పెట్టాలని. అంతకుముందు టెక్నీషియన్లే పెట్టుకుంటాండిరి. తీర్పు మంచిదే, కాని కింద జరిగింది ఏంది, కొన్ని చోట్ల సంతకానికి అద్దె పెరిగింది, అంతే.

కమిషన్ల సంగతి గూడా తెలుసు కదా. రాసిన డాక్టరుకు ఇంత, ఆర్‌ఎంపీకి ఇంత. నిజాయితీగా పెట్టిన ల్యాబుకు పేషెంట్లు రారు. ఆ పాపను చేర్పించండి, నేను వద్దనటం లేదు, కాని ఎండీ అయి బయటికి వచ్చినాక మొదటి ఫోన్ ఎవరో ల్యాబు ఓనరు దగ్గర్నించి వస్తాది "మేడం మీరు రానక్కర్లేదు" అని. ఆ రోజు ఏం చెబుతాదో ఇప్పుడే అనుకోమనండి.

స్లైడ్ అక్క, అనంతపురం

నిజం. నాకూ వచ్చింది ఆ ఫోన్. ఒకటి కాదు. మా బ్యాచ్‌లో ఒప్పుకున్నోళ్ళు ఉన్నారు, వాళ్ళ పేరు పడిన రిపోర్టు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను మళ్ళా స్మియర్ తీయమంటా. ఇది రాసేదానికి సిగ్గుగా ఉంది.

రాజ్‌విహార్ రవి, కర్నూలు

ఏఐ వచ్చేసింది బ్రో, స్లైడ్ స్కాన్ చేస్తే కంప్యూటరే చెప్పేస్తాది, మీ చెల్లి చదువు అయిపోయేలోపు ఈ బ్రాంచే ఉండదు. వదిలేసి పేషెంట్లను చూసే క్లినికల్ బ్రాంచి తీసుకోమను.

స్లైడ్ అక్క, అనంతపురం

స్కాన్ చేయాల్సిన స్లైడు దానంతట అది తయారు కాదు రవీ. రానీ ఏఐని, బాక్టీరియా వెతికేదానికీ, కణాలు లెక్కపెట్టేదానికీ పనికొస్తే నా కండ్లకే సుఖం. పేగు మొత్తం బకెట్‌లో పంపినప్పుడు చేతులు పెట్టి గడ్డ యాడుందో వెతికేది మాత్రం ప్రస్తుతానికి నేనే.

సైన్సు సారు, పులివెందుల దిక్కు

నేను హైస్కూల్లో బయాలజీ చెప్పి రిటైరయిన వాణ్ణి. ఆలస్యంగా చూసినాను. అంగడి ఆయనకు ఒక మాట చెప్పాలి. మీ నాయనగారు రోజూ అంగట్లో అమ్మే వస్తువులో ఒక పాథాలజిస్టు పనితనం ఉంది, ఆయనకు తెలియదు. అయోడిన్ ఉప్పు.

వులిమిరి రామలింగస్వామి గారని, 1921లో శ్రీకాకుళంలో పుట్టినారు, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివినారు, వృత్తికి పాథాలజిస్టు. హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఊర్లకు ఊర్లు మెడ కింద గాయిటర్ కాయలతో ఉండేవి, గొంతు వాచిపోయి, కొందరు పిల్లలు చెవుడు మూగతోనే పుట్టేవాళ్ళు. 1956లో ఆయనా ఆయన జట్టూ ఆ లోయలో సుమారు లక్షమంది ఉండే ప్రాంతాన్ని మూడు భాగాలు చేసి, రెండింటికి అయోడిన్ కలిపిన ఉప్పు, ఒకదానికి మామూలు ఉప్పు పంపించినారు. ఐదారేండ్లకు చూస్తే ఉప్పు మారిన చోట గాయిటర్ బాగా తగ్గింది, మారని చోట అట్లే ఉంది. ఆ తర్వాత మూడో భాగానికీ మంచి ఉప్పే ఇచ్చినారు. 1962లో దేశమంతటికీ గాయిటర్ కార్యక్రమం మొదలయింది. మైక్రోస్కోపు కింద థైరాయిడ్ గ్రంథిని చూసిన మనిషే దాని మూలం వంటింటి ఉప్పుడబ్బాలో ఉందని తేల్చినాడు. తర్వాత ఆయన ఢిల్లీ ఎయిమ్స్‌కు డైరెక్టర్, దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌కు అధిపతి అయినారు. మన తెలుగాయన, మన పిల్లలకు ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే, క్లాసులో నేను అడిగితే ఏ ఏడూ చెయ్యి లేవలేదు.

అక్క చెప్పిన ఆ డెంగ్యూ పాప కథ చదివి ఇంకోటి గుర్తొచ్చింది. యల్లాప్రగడ సుబ్బారావు గారు అందరికీ తెలుసు, భీమవరంలో పుట్టినాయన. ఆయన జట్టు అమెరికాలో లెడర్లీ కంపెనీలో తయారు చేసిన అమినోప్టెరిన్ మందును పిల్లల బ్లడ్ క్యాన్సర్‌కు మొట్టమొదట వాడి చూసినాయన ఎవరు? సిడ్నీ ఫార్బర్, బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో పాథాలజిస్టు. చనిపోయిన పిల్లల ఎముక మూలుగ చూసి చూసి, బతికున్న పిల్లల దగ్గరికి పోయిన మనిషి. 1948 జూన్‌లో రాసినాడు, 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని. అంతకుముందు ఆ జబ్బు వస్తే వారాలు లెక్కపెట్టుకోవడమే. సుబ్బారావు గారు అదే ఏడు ఆగస్టులో పోయినారు. ఆ మందుకు తమ్ముడు లాంటిది మెథోట్రెక్సేట్, ఆ పాపకు బెంగళూరులో ఇచ్చేవాటిలో అదీ ఉండాలి, అక్కే చెప్పాలి.

ఇంకొకటి, ఇది నా ఇంటి సంగతి. మా దిక్కు రాతినార గనులు ఉండేవి, ఆస్‌బెస్టాస్. మా నాయన చిన్నప్పటి నుంచి దాంట్లో కూలి. ఇంటికి వచ్చి కండువా దులిపితే తెల్లగా నూగు లేచేది, ఆ నూగుతో మేము ఆడుకునేవాళ్ళం. యాభై దాటినాక ఆయాసం, పక్కలో నొప్పి, ఒక్క ఏడాదిలో చిక్కి పోయినాడు. టీబీ అన్నారు, ఆస్తమా అన్నారు. ముక్క తీసి చూసినవాళ్ళు లేరు. దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పాథాలజిస్టు 1960లోనే ఇట్లాంటి 33 మంది ఊపిరితిత్తుల పొర క్యాన్సర్లను చూసి, వాళ్ళల్లో దాదాపు అందరూ ఒకే గనుల దిక్కువాళ్ళని గుర్తుపట్టి ప్రపంచానికి చెప్పినాడు. వాళ్ళది నీలి రకం, మా దిక్కు దొరికేది తెల్ల రకం, రెండూ క్యాన్సర్ కారకాలేనని ఇప్పుడు తేల్చినారు. మా నాయనది అదే జబ్బు అని నేను అనలేను. అనేదానికి నా దగ్గర ఏముంది, ఒక్క స్లైడు లేదు. ఆయనతో పాటు పనిచేసిన వాళ్ళకూ లేవు. కాయితం మీద మా ఊర్లో ఆ జబ్బు ఎవరికీ రాలేదు.

పాథాలజీ తాతగారి లాంటి వాడు రుడాల్ఫ్ ఫిర్షో అని జర్మనీలో ఉండేవాడు, జబ్బు మొదలయ్యేది కణంలోనే అని 1858లో పుస్తకం రాసినాయన. అంతకు పదేండ్ల ముందు, 26 ఏండ్ల కుర్రాడుగా ఉన్నప్పుడు, కరువు కొట్టి టైఫస్ జ్వరంతో జనం చస్తున్న సైలీషియాకు ప్రభుత్వం పంపింది ఏం జబ్బో చూసి రమ్మని. ఆయన తిరిగొచ్చి రాసిన మందు ఏంది? చదువు, తిండి, రోడ్లు, వాళ్ళ బతుకు మీద వాళ్ళకు హక్కు. గవర్నమెంటుకు నచ్చలేదు లేండి. కరువు సీమలో పుట్టిన మనకు ఇది విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

స్లైడ్ అక్క, అనంతపురం

సార్, ఉంది సార్ మెథోట్రెక్సేట్. ఆ పాపకు జుట్టు మళ్ళా వస్తోందని వాళ్ళ పెదనాయన మా టెక్నీషియన్‌కు ఫోటో పంపినాడు. మీ నాయనగారి సంగతి చదివి కాసేపు ఏం రాయలేకపోయినా.

అంగడోళ్ళ పెద్దోడు, కర్నూలు

అందరికీ చాలా థ్యాంక్స్. రాత్రి అంగడి కట్టేసినాక నాయనకు మొత్తం చదివి వినిపించినా, ఉప్పు సంగతి దగ్గర ఆపి రెండోసారి చదవమన్నాడు. "శ్రీకాకుళమాయనా?" అన్నాడు. ధర్మవరం అన్న వాళ్ళమ్మ సంగతికి ఏం మాట్లాడలేదు గాని మా జేజికి గూడా ఇట్లనే గడ్డ తీసినారంట నాయన చిన్నప్పుడు, దానికి గూడా రిపోర్టు లేదంట, ఆ మాట మొదటిసారి చెప్పినాడు.

తర్వాత కడప తమ్ముడు రాసింది చదివితే మళ్ళా మొదలుపెట్టినాడు, "చూడు, సంతకాలు అమ్ముకునే పని" అని. చెల్లి తలుపు తీసుకోని బయటికి వచ్చి "నాయనా, కల్తీ నూనె అమ్మే అంగడి ఉందని నువ్వు అంగడి మూసేసినావా" అనింది. అంతే, ఇద్దరూ అన్నం తినకుండా పండుకున్నారు. కాని పొద్దున నాయనే అడిగినాడు, నాకు పోయిన ఏడాది ఎండోస్కోపీ చేసినప్పుడు గిల్లినారు కదా, అది గూడా వీళ్ళే చూస్తారా అని. ఆయనకు పదేండ్లుగా కడుపులో మంట, పుండు, పాకెట్లు పాకెట్లు గ్యాసు మాత్రలు మింగేటోడు, పోయిన ఏడాది ఆ ముక్క రిపోర్టు వచ్చినాక రెండు వారాలు ఏవో మందుల కిట్టు ఇచ్చినారు, అప్పటి నించి మిరపకాయ బజ్జీ గూడా తింటున్నాడు. అది వీళ్ళ పనేనా?

స్లైడ్ అక్క, అనంతపురం

వీళ్ళ పనే, అది గూడా రెండు విధాలుగా! మీ నాయన ముక్కలో బాక్టీరియా చూసి రాసింది ఇక్కడ ఎవరో మా వాళ్ళే. అసలు కడుపులో అట్లాంటి పురుగు ఉంటుందని కనుక్కున్నది గూడా మా వాడే, రాబిన్ వారెన్ అని, ఆస్ట్రేలియాలో పెర్త్ ఊర్లో పాథాలజిస్టు. 1979లో కడుపు ముక్కల మీద వంకర తిరిగిన సన్న పురుగులు కనపడినాయి. కడుపులో అంత యాసిడ్ ఉంటే ఏదీ బతకదు అని అందరూ నమ్మే కాలం, ఎవరూ పట్టించుకోలేదు. మామూలు రంగుల్లో సరిగ్గా కనపడవని వెండి కలిపే రంగు వేసి చూసినాడు, ఏండ్ల తరబడి ముక్క మీద ముక్క చూస్తూ పోయినాడు. 1981లో బ్యారీ మార్షల్ అనే కుర్ర డాక్టరు వచ్చి కలిసినాడు, ఆయన ఎంత మొండివాడంటే 1984లో ఆ పురుగులను పెంచి గ్లాసులో పోసుకోని తాగేసి తనకే జబ్బు తెప్పించుకున్నాడు. ఇద్దరికీ 2005లో నోబెల్ ఇచ్చినారు. అంతకుముందు అల్సర్ అంటే టెన్షను, కారం అని చెప్పి జీవితాంతం మాత్రలు, లేకుంటే ఆపరేషన్. రాయలసీమోళ్ళం కారానికి ఎన్ని తిట్లు పెట్టినామో, పాపం.

అంగడోళ్ళ పెద్దోడు, కర్నూలు

చదివి వినిపించినా. "అయితే కారం తప్పు లేదన్నమాట" అన్నాడు, దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నాడు 😄 సోమవారం చేరేదానికి పోతున్నాం, నాయన గూడా వస్తానన్నాడు. నంద్యాల వాళ్ళు ఇంకా ఫోన్ చేయలేదు, చేయకపోతే మానె అంటోంది చెల్లి. అక్కా ఒక్కటి చెప్పు, చేరేటప్పుడు ఏమన్నా కొనిపెట్టాలంటున్నాడు నాయన, మైక్రోస్కోపు ఎంతవుతుందో కనుక్కోమన్నాడు.

స్లైడ్ అక్క, అనంతపురం

మైక్రోస్కోపు వద్దు, కాలేజీలో ఉంటాయి. నడుముకు ఆనుకునే మంచి కుర్చీ ఒకటి కొనిపెట్టమను. ఎత్తు దించుకునేది చూడండి, మెడ వంచి చూడకుండా. నేను పదేండ్లు ఆలస్యంగా కొన్నా.